శ్లాబు మీద పంజాగుట్ట

నేను జీవితంలో నడిపిన మొదటి కారు అరచేయంత ఉంటుంది. ఎర్రది. తలకిందులుగా నడుస్తుంది. అది పైన శ్లాబును పట్టుకుని పోతుంటే, కింద నేను మంచం మీద వెల్లకిలా పడుకుని రిమోట్ నొక్కేదాన్ని. లైసెన్సు అక్కర్లేదు, పెట్రోలు అక్కర్లేదు, లేచి కూర్చోవాల్సిన పని అసలే లేదు. లేచి కూర్చుంటేనే గొడవ.

అప్పుడు నాకు ఐదో నెల. అంతకుముందు ఏడాది సరిగ్గా ఐదో నెలలోనే ఒక బిడ్డ పోయింది. అందుకని ఈసారి డాక్టరమ్మ ముందే గర్భసంచి మూతికి కుట్టు వేసి, "బాత్రూంకి తప్ప కాలు కింద పెట్టొద్దు. మంచం కాళ్ల వైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి. ముప్పై రెండు వారాలు దాటించామంటే అప్పుడు మాట్లాడదాం" అని పంపింది. అప్పుడేం మాట్లాడతారో నేను అడగలేదు. మా ఆయనా అడగలేదు. ఇంటికొచ్చి రెండేసి ఇటుకలు పెట్టుకుని, బిడ్డ అనే మాట ఎత్తకుండా, వారాలు మాత్రం లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. కూర్చున్నది ఆయన. నేను పడుకున్నాను.

అమీర్‌పేట నుంచి యూసుఫ్‌గూడ వైపు పోయే సందుల్లో ఒక మేడ మీద పోర్షన్ మాది. మా ఆయన అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో జావా చెప్పేవాడు. పొద్దున ఆరున్నర బ్యాచ్‌తో మొదలుపెట్టి, సాయంత్రానికి గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చేవాడు. నేను ఎర్రమంజిల్ దగ్గర ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ ఇంజనీర్‌ని. ఎవరో రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. తప్పు దొరక్కపోతే నాకు అన్నం సయించదు. ఇంట్లో కూడా అంతే అని మా ఆయన అంటాడు. నిజమే.

అలాంటి దాన్ని తీసుకొచ్చి మంచం మీద పడేస్తే ఏమవుతుంది? మూడో వారానికి ఆ శ్లాబు మీద ఉన్న ప్రతి మరకా నాకు తెలిసిపోయింది. ఒక మరకకి మా మేనేజర్ ముక్కు వచ్చింది. రెండు బల్లులు ఉండేవి, వాటి డ్యూటీ టైమింగులు కూడా పట్టేశాను. మా అమ్మ స్కూలు టీచరు, వేసవి సెలవులు ఇస్తే గానీ రాలేదు. మా అత్తగారు తణుకు నుంచి వచ్చి పదిహేను రోజులుండి వెళ్లిపోయింది. పగలంతా నేనూ, బల్లులూ, మధ్యమధ్యలో తొంగిచూసి వెళ్లే పక్క పోర్షన్ ఆపా. ఆపా అంటే ఉర్దూలో అక్క. ఒక రాత్రి ఆయన అన్నం పెడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. మామూలుగా మీరు అనేదాన్ని, కోపం వస్తే నువ్వులోకి దిగుతాను.

"ఆ బల్లికున్న పాటి బతుకు నాకు లేదు. దానికి తిరగడానికి శ్లాబంతా ఉంది. నాకేముంది? నువ్వు హాయిగా అమీర్‌పేటంతా తిరిగొస్తావు" అన్నాను.

 ఆయన పాపం కంచం తీసి, నా మూతి తుడిచి వెళ్లిపోయాడు. మర్నాడు సాయంత్రం ఒక అట్టపెట్టెతో వచ్చాడు. పంజాగుట్టలో బొమ్మల షాపులో కొన్నానన్నాడు. గోడలెక్కే కారట. శ్లాబు మీద కూడా నడుస్తుందట.

"నాకు బొమ్మ కొన్నారా?" అన్నాను.

"బల్లి కొందామనుకున్నాను, దొరకలేదు" అన్నాడు.

రిమోట్‌లో ఆరు సెల్లులు వేయాలి. దాని పొట్టలోంచి ఒక చిన్న వైరు లాగి కారుకి గుచ్చితే చార్జింగ్ ఎక్కుతుంది. అరగంట చార్జింగ్, ఎనిమిది నిమిషాల నడక. కారు అడుగున ఒక చిన్న ఫ్యాను ఉంటుంది. అది కింది గాలిని లాగేస్తూ ఉంటే కారు గోడకి అతుక్కుని ఉంటుంది. ఫ్యాను తిరిగినంతసేపూ పక్కింట్లో మిక్సీ వేసినట్టు ఒకటే రొద. ఆయన దాన్ని గోడకి ఆనించి వదిలాడు. కారు జర్రున రెండడుగులు పైకి పాకింది. నేను నోరు వెళ్లబెట్టాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంకో అడుగు ఎక్కింది. అక్కడ మొదలైంది అసలు సంగతి.

మా ఇంటి గోడలకి సున్నం. చేయి రాస్తే తెల్లగా అంటుకునే సున్నం. ఆ ఫ్యాను గాలితో పాటు సున్నాన్ని కూడా లాగి, అటూ ఇటూ ఊదేసింది. కారు మాయమైపోయింది, ఒక తెల్లటి మేఘం మాత్రం కనపడింది. ఆ మేఘం వచ్చి మా ఇద్దరి మీదా వాలింది. కారు టప్పున నేల మీద పడింది. నాకు తుమ్ము వచ్చింది.

"తుమ్మావా?" అన్నాడాయన, ప్రాణం పోయినవాడిలా.

డాక్టరమ్మ గట్టిగా దగ్గొద్దు, ముక్కొద్దు అంది. దానికి మా అత్తగారు తుమ్మొద్దు, నవ్వొద్దు అని రెండు కలిపింది. ఆయన నా పొట్ట వంక చూస్తూ నిలబడ్డాడు. జుట్టు నుంచి గడ్డం దాకా తెల్లగా, అరవై ఏళ్ల ముసలాయనలా ఉన్నాడు. చప్పుడు విని ఆపా వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏందిది? ఇద్దరు పౌడర్ డబ్బాల పడ్డరా?" అంది.

నవ్వాపుకోలేక దిండు నోట్లో కుక్కుకున్నాను.

ఆపా భర్త భాయ్ శ్రీనగర్ కాలనీ అపార్ట్‌మెంట్లలో గోడలకి లప్పం పట్టి రంగులు వేసే పని చేసేవాడు. పని నుంచి రాగానే భాయ్ మా ఇంటికొచ్చి కారును తిరగేసి చూశాడు. గోడ మీద వేలితో ఒక గీత గీసి ఆ వేలిని మాకు చూపించాడు.

"సున్నం మీద గిది ఏం పట్టుకుంటది చెల్లె? లప్పం గావాలె. లప్పం పెట్టి, మంచిగ రుద్ది, మీదికెల్లి పెయింట్ కొడితే అద్దం లెక్క ఉంటది. గప్పుడు చూడు, మస్తు పోతది" అన్నాడు.

లప్పం అంటే గోడ గరుకుతనం పోవడానికి పూసే తెల్లటి ముద్ద. డబ్బున్నవాళ్ల గోడలు నున్నగా ఉండేది దానివల్లే. మా ఇంటికి లప్పమా అని నేను, అద్దె ఇంటికి లప్పమా అని ఆయన అనేలోపే భాయ్ నిచ్చెన తేవడానికి వెళ్లిపోయాడు. మిగిలిపోయిన లప్పం ఇంట్లో ఉందట, ఊరికే గడ్డకడుతోందట.

అడ్డం పడింది మా అత్తగారు. రోజూ రాత్రి ఫోన్ చేస్తుంది కదా, మా ఆయన నోరు జారి చెప్పేశాడు. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో గోడకి మేకు కూడా కొట్టకూడదు, ఇంటి పని అసలు ముట్టుకోకూడదు, ఆ మాత్రం తెలియదా అని ఆవిడ అందుకుంది. మామూలుగా అయితే నేను వాదించేదాన్ని. కానీ ఒకసారి బిడ్డను పోగొట్టుకున్నాక ఏ మాటనీ కొట్టిపారేయడానికి ధైర్యం చాలదు. వద్దులెండి అనేశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. బొమ్మ కారు కోసం ఏడుస్తున్నానని సిగ్గు కూడా వేసింది.

నిచ్చెనతో తిరిగొచ్చిన భాయ్ ఫోన్ ఇటివ్వమని చేయి చాపాడు.

"నమస్తే అమ్మా. ఇంటికి పని చేస్తలేను. రోడ్ ఏస్తున్న. రోడ్‌కి ఏముంటది చెప్పండి?"

అవతల పంచాంగం పేజీలు తిప్పుతున్న చప్పుడు వినపడింది.

"రోడ్డయితే మున్సిపాలిటీ వాళ్లది కదా బాబూ. మన ఇంటి లెక్కలోకి రాదు. వేసుకోండి" అంది మా అత్తగారు.

అలా మా పడకగది శ్లాబుకి రోడ్డు సాంక్షన్ అయింది.

దుమ్ము పడకుండా నన్ను మంచంతో సహా ముందుగదిలోకి మార్చాలన్నారు. ఒక పక్క మా ఆయన, ఒక పక్క భాయ్ పట్టుకుని ఎత్తారు. గుమ్మం దాకా వచ్చాక చూస్తే నా కాళ్లు ముందున్నాయి.

"కాళ్లు ముందు పెట్టి మోస్తారా? నేనేమన్నా పోయానా?" అన్నాను.

ఇద్దరూ బిత్తరపోయి మంచం దించారు. ఆ గదిలో మంచం తిప్పడానికి చోటు లేదు. బీరువా జరిపి, టేబుల్ తలకిందులు చేసి, నన్ను అటు తిప్పి ఇటు తిప్పి, ఆఖరికి తల ముందుగా బయటికి తెచ్చేసరికి వాళ్ల తల ప్రాణం తోకకొచ్చింది. ఆపా మాత్రం "హల్లు హల్లు, మెల్లగ" అంటూ ఒక ఇటుక పట్టుకుని మా వెంట నడిచింది. ఎందుకు పట్టుకుందో ఆవిడకీ తెలియదు.

లప్పం ఆరాక భాయ్ గుమ్మంలోంచి తల పెట్టి అడిగాడు. "చెల్లె, రోడ్ యాడికి పోవాలె?"

"ఆఫీసుకి" అన్నాను.

వాసన పోయాక నన్ను లోపలికి తెచ్చి పడుకోబెట్టారు, ఈసారి తల ముందే. పైకి చూశాను. శ్లాబు మీద జానెడు వెడల్పున నల్లటి ఎనామిల్ రోడ్డు నిగనిగలాడుతూ పోతోంది. తలుపు పైన యూసుఫ్‌గూడ. అక్కడి నుంచి వంపు తిరిగితే అమీర్‌పేట. గది మధ్యలో సీలింగ్ ఫ్యాను కొక్కెం పంజాగుట్ట చౌరస్తా, దాని చుట్టూ గుండ్రంగా రోడ్డు. అటు పక్క కిటికీ మూల ఎర్రమంజిల్. భాయ్ రోడ్డు మధ్యలో తెల్ల గీతలు కూడా కొట్టాడు. పంజాగుట్ట దగ్గర ఒక చిన్న గుంట వదిలేశాడు. అదేంటి భాయ్ అంటే, "గుంత లేకపోతే పంజాగుట్ట అని ఎట్ల ఎరుకైతది?" అన్నాడు.

నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. నెలన్నర తర్వాత నాకు వెళ్లడానికి ఒక చోటు వచ్చింది.

ఆ రోజు నుంచి పొద్దున తొమ్మిదికి ఆఫీసుకి బయల్దేరేదాన్ని. ముందు సీలింగ్ ఫ్యాను ఆపేయాలి. ఆపా స్టూలెక్కి కారును యూసుఫ్‌గూడలో అతికించేది. "అమీర్‌పేట్, అమీర్‌పేట్, పంజాగుట్ట" అని షేర్ ఆటో వాళ్లలా కేకేసేది. నేను నోటితో హారన్ కొట్టేదాన్ని. ఎనిమిది నిమిషాల్లో ఎర్రమంజిల్ చేరాలి, లేకపోతే చార్జింగ్ అయిపోతుంది. అసలు పంజాగుట్టలో ఎనిమిది నిమిషాలకి ఆటో నాలుగు అడుగులు కూడా కదలదు. ఇక్కడ నా ఇష్టం. రాంగ్ రూట్‌లో వెళ్లాను. చౌరస్తా చుట్టూ ఊరికే ఐదు సార్లు తిరిగాను. పక్కనుంచి పోతున్న బల్లిని ఓవర్‌టేక్ చేశాను. అది తోక ముడుచుకుని కిటికీలోంచి వెళ్లిపోయి రెండు రోజులు రాలేదు.

మా ఆయన ఒక్క షరతు పెట్టాడు. కారు నడిచినంతసేపూ నా పొట్ట మీద గొడుగు విప్పి ఉండాలి. ఆ కారు బరువెంత? చపాతీ ముద్దంత కూడా ఉండదు. అయినా గొడుగు ఉండాల్సిందే. అందుకని ఆపా ఒక చేత్తో నల్ల గొడుగు నా మీద పట్టుకుని, రెండో చేత్తో చిక్కుళ్లు గిల్లుకుంటూ కూర్చునేది. నేను టెస్టింగ్ చేసేదాన్నని చెప్పాను కదా, ప్రతి ప్రయాణానికీ ఒక రిపోర్టు తయారుచేసేదాన్ని. మలుపులో ఎడమ చక్రం జారుతోంది. ఎండ పడినచోట పట్టు బాగుంది. చార్జింగ్ తగ్గేముందు రొద సన్నబడుతుంది, అది వినగానే కారును గోడ మీదికి దింపేయాలి. అన్నీ పరీక్షించాను. ఒక్కటి వదిలేశాను.

చాలు అనే మాట.

మా గోదావరి వైపు చాలు అంటే ఇక ఆపమని. ఆపా వాళ్ల ఉర్దూలో చాలూ అంటే మొదలుపెట్టమని. మోటర్ చాలూ చెయ్, టీవీ చాలూ చెయ్ అంటుంది. అన్నం దగ్గర మాకు ఎప్పుడూ తేడా రాలేదు. నేను చాలు అంటే ఆపా గరిటె వెనక్కి తీసేది. ఎందుకంటే అన్నాన్ని ఎవరూ స్టార్ట్ చేయరు. మిషన్ దగ్గర మాత్రం ఆ మాట మా ఇద్దరి మధ్యకీ ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే రిమోట్ ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది.

ముప్పై ఒకటి నిండి ముప్పై రెండో వారం ఆఖరికి వచ్చింది. ఎండలు ముదిరాయి. ఒక రోజు పదకొండింటికి ఆపా, "నేను సుత ఒకసారి పోత ఆఫీసుకు" అంది. రిమోట్ ఇచ్చాను. ఆవిడ ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో రిమోట్ పట్టుకుని నిలబడింది. అమీర్‌పేట దాటింది. పంజాగుట్టలోకి వచ్చింది. రొద సన్నబడడం నాకు వినపడింది.

"చాలు ఆపా, చాలు" అన్నాను.

"చాలూనే ఉంది కదా" అని ఆవిడ ఇంకా గట్టిగా నొక్కింది.

"అయ్యో, చాలు చాలు."

"చేస్తున్న, చేస్తున్న" అంటూ రెండు చేతులూ కావాల్సొచ్చి గొడుగును భుజానికి ఆనించుకుని, తన నెత్తి మీదికి లాక్కుని, రెండు బొటనవేళ్లతో నొక్కేసింది. కారు పంజాగుట్ట చుట్టూ పిచ్చెక్కినట్టు మూడు సార్లు తిరిగి, పట్టు తప్పి సరిగ్గా ఆ గొడుగు మీద పడింది. పడి ఊరుకుందా? లోపలి ఫ్యాను ఇంకా కొన ఊపిరితో తిరుగుతోంది. అది గొడుగు గుడ్డను పట్టుకుని, అక్కడే గుండ్రంగా నడక మొదలుపెట్టింది. ఆపాకి గొడుగు అడ్డం. శ్లాబు వైపు మెడ చాచి వెతుకుతోంది.

"యాడికి పోయింది? ఎర్రమంజిల్ల దిగిందా?"

ఆవిడ గొడుగు ఎటు వంచితే కారు అటు పోతోంది. ఆవిడ వెతుకుతోంది, అది ఆవిడ నెత్తి మీదే తిరుగుతోంది. నాకు నవ్వు వచ్చింది. ఆపుదామనుకున్నాను. దిండు అందలేదు. కడుపుబ్బ నవ్వడం అంటారే, నాకు ఉబ్బడానికి ఇంక చోటు లేదు, అయినా నవ్వాను. కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారేలా నవ్వాను. ఏడాదిన్నరగా నవ్వనిదంతా ఒక్కసారే నవ్వాను.

అప్పుడు తెలిసింది, కింద పక్క తడిసింది.

నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది. "ఆపా, తడి" అన్నాను. ఆవిడ గొడుగు వదిలేసింది. ముఖంలో రక్తం లేదు. పోయినసారి కూడా ఇలాగే తడితోనే మొదలైంది. అయిపోయింది అనుకున్నాను. నా చేతులారా నేనే చేసుకున్నాను, ఒక బొమ్మ కోసం, ఒక నవ్వు కోసం, ముప్పై రెండు వారాలు ఆపుకున్నదాన్ని పోగొట్టుకున్నాను అనుకున్నాను. పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని, పోకు, పోకు అని పైకే అన్నాను.

ఆపా ఫోన్ చేస్తే మా ఆయన క్లాసులోంచి మార్కర్ చేతిలోనే పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆటోలో ఆపా ఒడిలో తల పెట్టుకుని పడుకున్నాను. ఆయన డ్రైవర్ పక్కన ఇరుక్కుని, మెల్లగా పొమ్మంటాడు, మళ్లీ తొందరగా పొమ్మంటాడు. ఆపా నోట్లో ఏదో చదువుకుంటోంది. ఆవిడ కన్నీళ్లు నా నుదుటి మీద పడుతున్నాయి. నిజం పంజాగుట్టలో ఎంతసేపు ఆగామో నాకు తెలియదు.

డాక్టరమ్మ చూసింది. ఏదో కాగితంతో పరీక్ష చేసింది. పొట్ట మీద మిషన్ పెట్టి గుండె చప్పుడు వినిపించింది. అది గదంతా నిండిపోయింది. అప్పుడు కళ్లజోడు తీసి నా వైపు చూసింది.

"ఇది ఉమ్మనీరు కాదు. కుట్టు బాగానే ఉంది. ఏం చేశావమ్మా?"

"నవ్వాను మేడం."

"ఎంత నవ్వావు?"

చెప్పాను. కారు, గొడుగు, ఎర్రమంజిల్, అన్నీ. ఆవిడ వింటూ వింటూ నోటికి చేయి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి ఇటు తిరిగి, "ఈ నెలల్లో నవ్వితే ఒంటేలు ఆగదు. అంతే. కంగారేం లేదు" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. బతికిపోయాను కూడా.

ఆవిడ నా ఫైలు తెరిచి వేళ్ల మీద లెక్కపెట్టింది. "రేపటికి ముప్పై రెండు నిండుతాయి. ఇంకొన్నాళ్లు ఆగితే మంచిదే. కానీ ఇవాళ పుట్టినా బతుకుతుంది" అంది.

బతుకుతుంది. ఆ మాట మా ఇద్దరిలో ఎవరమూ అన్ని నెలల్లో ఒక్కసారి కూడా అనలేదు. మా ఆయన డాక్టరమ్మ పక్కనున్న స్టూలు మీద కూలబడి, చేతిలో మార్కర్ మూత తీస్తూ పెడుతూ ఉండిపోయాడు.

రెండు గంటలు పడుకోబెట్టి పంపుతామన్నారు. ఆపా భాయ్‌కి ఫోన్ చేయడానికి బయటికి వెళ్లింది. ఆయన లేచి నా పక్కకొచ్చి, మార్కర్ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు.

"ఆ కారు నీ కోసం కొనలేదు."

నాకు అర్థం కాలేదు.

"పోయినసారి కొన్నాను. నాలుగో నెలలో. షాపులో గోడెక్కిస్తుంటే చూసి ఆగలేకపోయాను. నీకు చెప్తే తిడతావని ఇన్‌స్టిట్యూట్ బీరువాలో మార్కర్ల వెనక పెట్టాను. తర్వాత పారేయలేకపోయాను. తిరిగి ఇచ్చేయలేకపోయాను."

ఏడాదికి పైగా. రోజుకి ఆరు బ్యాచ్‌లు. మార్కర్ కోసం ఆ బీరువా తెరిచినప్పుడల్లా అది కనపడి ఉంటుంది. నేను ఒక్కదాన్నే మోస్తున్నానని అనుకుని, ఎన్నిసార్లు ఆయన మీద అరిచానో. ఏడుపొచ్చింది. మళ్లీ కోపమూ వచ్చింది.

"ఒక్క మాట చెప్పాలని తోచలేదా నీకు?" అన్నాను.

"చెప్తే నీ శ్లాబు మీద నడిపేదానివా?" అన్నాడు.

నడిపేదాన్ని కాదు. ఆయన చేయి లాక్కుని నా పొట్ట మీద పెట్టుకున్నాను. అంతకుముందు అలా పెట్టనిచ్చేదాన్ని కాదు. లోపల తన్నుతోంది. 

"ఇది పుట్టాక దానికి ఇచ్చేద్దాం కారు" అన్నాడు.

"ఇవ్వను. అది నాది. దానికి వేరేది కొనండి" అన్నాను.

పుట్టకముందు బిడ్డకి ఏదీ కొనకూడదంటారు. ఈసారి మేం ఒక గుడ్డ పేలిక కూడా కొనలేదు. ఆయనకి అది తెలుసు, నాకూ తెలుసు. ఆ సాయంత్రం ఇంటికొస్తూ పంజాగుట్టలో ఆటో ఆపించి, నన్ను ఆపా ఒడిలోనే ఉంచి, ఆయన షాపులోకి వెళ్లాడు. పసుపు రంగు కారుతో తిరిగొచ్చి, వీధి దీపం కింద నిలబడి పెట్టె మీద రాసినదంతా చదివాడు.

"ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకట" అన్నాడు. "ఎనిమిదేళ్లు ఆగాలి."

"ఆగుదాం" అన్నాను.

ఎనిమిదేళ్లూ ఆగాం.